ట్రయల్ బ్యాలెన్స్ కలిసింది, కానీ 11 వోచర్లు లేవు

మొదటిసారి వచ్చినప్పుడు ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున్నే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ, అంటే మా లెక్కలన్నీ ఉండే డేటా, ఓపెన్ చేస్తే ఏదో ఇంటర్నల్ ఎర్రర్, రికార్డ్ చదవలేకపోతున్నాం అని ఒక బాక్స్ వచ్చింది, ఓకే నొక్కితే మొత్తం క్లోజ్ అయిపోయింది. సపోర్ట్ అతనికి ఫోన్ చేస్తే రిపేర్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది నడపండి అన్నాడు, నడిపాం, 20 నిమిషాలు తిరిగి మళ్లీ మామూలుగా ఓపెన్ అయింది. హమ్మయ్య అనుకుని పనిలో పడిపోయాం. 19 రోజులకి మళ్లీ అదే. ఆ తర్వాత 9 రోజులకి. మూడోసారికి రిపేర్ ఎలా చేయాలో ఆఫీసులో అందరికీ వచ్చేసింది, ఎవరికి ఎర్రర్ వస్తే వాళ్లే అందర్నీ బయటికి రమ్మని చెప్పి రిపేర్ కొట్టేసి మళ్లీ కూర్చునేవాళ్లు. ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది, ఎందుకంటే అసలు నష్టం ఎర్రర్ వల్ల కంటే ఆ రిపేర్ల వల్లే ఎక్కువ జరిగింది.

అది తెలిసింది నాలుగోసారి తర్వాత. మాతో లావాదేవీలున్న ఒక పార్టీ వాళ్లు ఫోన్ చేసి మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో మేం కట్టిన పేమెంట్ లేదేంటి అన్నారు. ఆ రసీదు నేనే ఎంటర్ చేశా, నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆరోజు వాళ్లతో ఫోన్లో మాట్లాడి మరీ వేశా. వాళ్ల లెడ్జర్, అంటే ఖాతా, తీస్తే లేదు. బ్యాంక్ బుక్ తీస్తే అక్కడా లేదు. మొత్తం డెబిట్లూ మొత్తం క్రెడిట్లూ సమానమా అని చూపించే ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం అణా పైసలతో కలిసింది. అక్కడే నాకు చల్లటి చెమట పట్టింది. డెబిట్ ఒకటే పోతేనో క్రెడిట్ ఒకటే పోతేనో తేడా కనిపిస్తుంది గానీ వోచర్, అంటే ఒక లావాదేవీ ఎంట్రీ, మొత్తం పోతే రెండు వైపులా సమానంగానే పోతుంది కదా, ఇక ట్రయల్ బ్యాలెన్స్ ఏం చెబుతుంది? పైగా మా దాంట్లో రసీదు నంబరు దానంతటదే పడుతుంది, మధ్యలోది పోతే కిందవి పైకి జరిగిపోతాయి, ఖాళీ కూడా కనపడదు. ప్రింట్ తీసి పెట్టుకున్న పాత డే బుక్‌లు, అంటే ఏ రోజు ఏ ఎంట్రీలు వేశామో ఉండే జాబితాలు, ముందేసుకుని రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోతే మొత్తం 11 వోచర్లు లేవని తేలింది. రిపేర్ అనేది ఏం చేస్తుందంటే చదవడానికి వీలు కాని రికార్డుల్ని, దేనికీ లింక్ దొరకని రికార్డుల్ని తీసి పక్కన పారేసి మిగతావాటితో ఇండెక్స్, అంటే ఏ రికార్డు ఎక్కడుందో చూపించే పట్టిక, మళ్లీ కట్టుకుంటుంది. ఫైల్ ఓపెన్ అవ్వాలి అనేదే దాని పని, మన లెక్క సరిగ్గా ఉండాలి అనేది దాని పని కాదు. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సరే, మా సెటప్ ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మొత్తం 6 సిస్టమ్‌లు, వాటిలో ఒకదాన్ని సర్వర్ అని పిలుస్తాం గానీ అది మామూలు సిస్టమే, డేటా ఫోల్డర్ అందులో ఉంటుంది, షేర్ చేసి ఉంటుంది. మిగతా ఐదూ నెట్‌వర్క్‌లో ఆ ఫోల్డర్ ఓపెన్ చేసి పనిచేస్తాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో సర్వర్ మీద ఒక డేటాబేస్ ప్రోగ్రామ్ కూర్చుని ఉంటుంది, మనం దానికి ఈ ఎంట్రీ వెయ్యి అని చెబుతాం, ఫైల్‌లో రాసేది అదొక్కటే, మధ్యలో మన లైన్ తెగితే ఆ ఎంట్రీ మొత్తం రద్దు చేసేస్తుంది. మాది అలా కాదు. మా దాంట్లో ప్రతి సిస్టమూ నేరుగా వెళ్లి ఆ ఫైల్‌లోనే రాస్తుంది. ఒకే చిట్టా పుస్తకాన్ని మధ్యలో పెట్టి ఆరుగురు చుట్టూ కూర్చుని రాస్తున్నట్టు అనుకోండి. ఒక సేల్ సేవ్ చేయడమంటే మనకి ఒక్క ఎంటర్ కీయే గానీ లోపల వోచర్ రికార్డు, పార్టీ లెడ్జర్, సేల్స్ అకౌంట్, స్టాక్ ఐటమ్, వీటన్నిటి ఇండెక్స్, ఇలా చాలా చోట్ల రాయాలి. నాలుగు చోట్ల రాసి ఐదోది రాసేలోపు లైన్ తెగిందంటే ఆ నాలుగూ అలాగే ఉండిపోతాయి, ఐదోది ఉండదు, ఇక దాన్ని సరిచేసే నాథుడు లేడు.

ఇదంతా నాకు మొదట్లో తెలీదు. మొదట్లో మేం చేసిందల్లా ఒకరి మీద ఒకరం వేలు చూపించుకోవడమే. కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి సిస్టమ్ హ్యాంగ్ అయితే పవర్ బటన్ నొక్కి ఆపేశాడు, అది నలుగురూ చూశారు, ఇక అంతే, ఎప్పుడు ఎర్రర్ వచ్చినా వాడేదో చేసుంటాడు అనే మాటే. నేను కూడా అన్నాను, వాడి ముందే అన్నాను. వాడేమో అన్నా నేను కంపెనీ క్లోజ్ చేశాకే ఆపుతున్నా అన్నా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే తర్వాత తేలింది వేరే, అప్పటికి మూడు నెలలు ఆ పిల్లాడు ఊరికే మాటలు పడ్డాడు.

11 వోచర్ల సంగతి సార్‌కి చెప్పాక ఇక దీని అంతు చూడాల్సిందే అని నాకే అప్పగించారు. నేను కంప్యూటర్ చదువు చదివినవాడిని కాదు, అకౌంట్స్ మనిషిని. అందుకే నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టా, ఒక రిజిస్టర్ పెట్టా. తేదీ, టైమ్, ఎర్రర్‌లో ఉన్న మాటలు ఉన్నదున్నట్టు, ఏ సిస్టమ్, ఎవరు, ఏం చేస్తుండగా వచ్చింది, ఆ టైమ్‌లో మిగతావాళ్లు ఏం చేస్తున్నారు. నాలుగైదు ఎంట్రీలు అయ్యాక చూస్తే ఏమీ పొంతన లేదు. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం, ఒకసారి స్టాక్ రిపోర్ట్ తీస్తుంటే, ఒకసారి బ్యాంక్ రీకన్సిలియేషన్ చేస్తుంటే, ఒక్కోసారి ఒక్కో సిస్టమ్. వారం రోజులు ఆ రిజిస్టర్ పట్టుకుని తలబద్దలు కొట్టుకున్నా.

తర్వాత ఒకరోజు బస్సులో వెళ్తుంటే తట్టింది, నేను రాసుకుంటున్నది డేటా పాడైన టైమ్ కాదు, పాడైందని మాకు తెలిసిన టైమ్. రెండూ ఒకటి కానే కాదు. మంగళవారం మధ్యాహ్నం ఒక రికార్డు సగం రాసి ఆగిపోయిందనుకోండి, ఆ పార్టీ లెడ్జర్‌ని ఎవరూ తెరవకపోతే అది అలాగే పడుంటుంది, నెలాఖరున ఎవరో ఆ లెడ్జర్ తెరుస్తారు, అప్పుడు ఎర్రర్ వస్తుంది, ఆ తెరిచినవాళ్లే దొంగలా నిలబడతారు. స్టాక్ చూసే మేడమ్ సిస్టమ్‌లో ఎక్కువసార్లు రావడానికి కారణం అదే, ఆవిడే నెలాఖరు రిపోర్టులన్నీ తీస్తారు కాబట్టి అన్ని రికార్డుల్నీ తాకేది ఆవిడే. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అసలు తాళంచెవి ఇదొక్కటే, మిగతావన్నీ దీని వెనకే వచ్చాయి.

అయితే పాడైన టైమ్ ఎలా పట్టుకోవాలి? సాఫ్ట్‌వేర్‌లో రిపేర్ కాకుండా చెక్ అని ఇంకో ఆప్షన్ ఉంది, అది దేన్నీ మార్చదు, ఫైల్ మొత్తం చదివి బాగుందో లేదో చెబుతుంది. కానీ దానికి అందరూ బయటికి రావాలి, 25 నిమిషాలు పడుతుంది, రోజుకి రెండుసార్లు అందర్నీ 25 నిమిషాలు ఖాళీగా కూర్చోబెడితే ఊరుకుంటారా. అందుకని లంచ్ టైమ్‌లో ఒకసారి, సాయంత్రం ఒకసారి అందర్నీ కంపెనీలోంచి బయటికి రమ్మని చెప్పి డేటా ఫోల్డర్‌ని నా సిస్టమ్‌లోకి కాపీ చేసుకునేవాణ్ణి, కాపీకి మూడు నాలుగు నిమిషాలే, వాళ్లు మళ్లీ పనిలో కూర్చునేవాళ్లు, నేను ఆ కాపీ మీద తీరిగ్గా చెక్ నడుపుకునేవాణ్ణి. ఇలా చేస్తే ఎప్పుడు పాడైనా కనీసం ఏ పూట పాడైందో తెలుస్తుంది.

మొదటి రోజే చెక్ నడిపితే తప్పులు వచ్చాయి. రిపేర్ చేసిన డేటా కదా, బాగుండాలి కదా అనుకున్నా. లేదు. అంటే పాత తప్పులు లోపల మిగిలే ఉన్నాయి, అవే మళ్లీ మళ్లీ బయటపడుతున్నాయి, ఏది కొత్త తప్పో ఏది పాతదో తెలియట్లేదు. మురికి నీళ్లలో కొత్తగా ఏం పడిందో ఎలా కనిపిస్తుంది? ముందు శుభ్రమైన డేటా కావాలి. బ్యాకప్‌లు ఉన్నాయి, రెండు నెలలవి, అన్నీ ఒక్కొక్కటీ చెక్ చేస్తూ కూర్చుంటే వారం పడుతుంది. మధ్యలోది తీసి చూడు, అది బాగుంటే తప్పు దాని తర్వాత మొదలైనట్టు, బాగోకపోతే దాని ముందు, అలా సగం సగం చేసుకుంటూ పో అని మా బంధువుల అబ్బాయి చెప్పాడు, 64 బ్యాకప్‌లున్నా 6 సార్లు చూస్తే చాలు. బాగానే ఉంది అని మొదలుపెడితే లెక్క తప్పింది. ఒక తేదీది పాడై ఉంది, దాని తర్వాత మూడు రోజులవి బాగున్నాయి. పాడైనది తనంతట తాను బాగవ్వదు కదా, మళ్లీ తల పట్టుకున్నా.

దీనికి జవాబు ఫైల్ టైమ్‌లలో దొరికింది. మావి రెండు రకాల బ్యాకప్‌లు, రాత్రి అందరూ వెళ్లాక తీసేవి కొన్ని, ఎవరో ఎప్పుడో షెడ్యూల్ పెట్టేసిన మధ్యాహ్నం ఒంటిగంటన్నరవి కొన్ని. ఆ టైమ్‌కి ఒకరిద్దరు ఇంకా ఎంట్రీలు వేస్తూనే ఉంటారు. నడుస్తున్న ఫైల్‌ని కాపీ కొడితే ఫైల్ మొదటి భాగం ఎంట్రీకి ముందుది, చివరి భాగం ఎంట్రీ తర్వాతది వస్తుంది, అసలు డేటా బాగానే ఉన్నా కాపీ మాత్రం పాడైనదే. పైగా మేం రెండుసార్లు ఇలాంటి మధ్యాహ్నం బ్యాకప్‌నే రీస్టోర్ చేసి వాడేశాం! అంటే బాగున్న డేటాని తీసేసి చెడ్డదాన్ని మా చేతులతో మేమే పెట్టాం. మధ్యాహ్నంవి పక్కన పెట్టి రాత్రివి మాత్రమే చూస్తే లెక్క సరిగ్గా కుదిరింది. శుభ్రంగా ఉన్న చివరి బ్యాకప్ మేం మొదటి ఎర్రర్ చూసిన రోజు కంటే 13 రోజుల ముందుది.

దాని నుంచి కొత్త ఖాళీ కంపెనీ తెరిచి ముందు మాస్టర్లు (ఖాతాల, స్టాక్ ఐటమ్‌ల పేర్లు), తర్వాత వోచర్లు ఎక్స్‌పోర్ట్ చేసి ఇంపోర్ట్ చేశా, ఆ తర్వాతి రోజులవి ఇప్పటి డేటా నుంచి, పోయినవి ప్రింట్ల నుంచి. ట్రయల్ బ్యాలెన్స్ ఒక్కటే నమ్మకుండా ఈసారి ప్రతి లెడ్జర్ క్లోజింగ్, నెలవారీగా ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయి అనే కౌంట్ కూడా కలిపి చూసుకున్నా. రెండు శని ఆదివారాలు పోయాయి దీనికి. కానీ ఆ సోమవారం చెక్ నడిపితే మొదటిసారి సున్నా తప్పులు అని వచ్చింది, ఆ స్క్రీన్ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

ఇక కారణాల వేట. సర్వర్ హార్డ్ డిస్క్ మీద అందరికీ అనుమానం. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వాల్యూలు చూపించే టూల్‌లో చూశా, 5వ నంబరుది రీ అలొకేటెడ్ సెక్టార్లు, 197వది పెండింగ్ సెక్టార్లు, 198వది అన్‌కరెక్టబుల్, డిస్క్ మీద పాడైన చోట్లని లెక్కపెట్టే ఈ మూడూ సున్నానే, డిస్క్ ఆరోగ్యంగానే ఉంది. 199వది, దారిలో డేటా చెడిన సార్లు లెక్కపెట్టే సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, మాత్రం 14 ఉంది, అది డిస్క్‌ది కాదు, చాలావరకు డిస్క్‌కీ బోర్డుకీ మధ్య కేబుల్‌ది. కేబుల్ మార్పించా. ఆ నంబరు మాత్రం కేబుల్ మార్చినా తగ్గదు, పుట్టినప్పటినుంచీ జరిగినవన్నీ లెక్కపెట్టుకుంటూ పోతుంది, పెరుగుతుందా లేదా అనేదే చూడాలి. పెరగలేదు. ర్యామ్ కోసం దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ రాత్రంతా పెట్టి వెళ్లా, 4 పాస్‌లు అయ్యాయి, ఒక్క ఎర్రర్ లేదు. సిస్టమ్‌లో జరిగినవన్నీ రాసి ఉండే లాగ్‌ని చూపించే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సర్వర్ అర్ధాంతరంగా ఆగిపోయినట్టు ఉందేమో చూశా, అలా ఆగితే కెర్నల్ పవర్ 41 అని గానీ 6008 అని గానీ ఎంట్రీ ఉంటుంది. ఒక్కటీ లేదు, సర్వర్‌కి యూపీఎస్ ఉంది మరి. కరెంటుతో సంబంధం లేదు అని రిజిస్టర్‌లో రాసేసి కొట్టేశా. ఈ ఒక్క గీత వల్ల నాకు ఇంకో నెల పోయింది.

ఈలోపు వేరేవి కొన్ని దొరికాయి. డేటా ఫోల్డర్‌ని ఎవరో మంచి ఉద్దేశంతోనే క్లౌడ్ సింక్‌లో పెట్టారు, ఫోల్డర్‌లో పేరు చివర తేదీ తగిలించిన డూప్లికేట్ ఫైళ్లు ఒకటి రెండు కనిపిస్తే అప్పుడు తెలిసింది. సింక్ ప్రోగ్రామ్‌లు ఫోటోలకీ డాక్యుమెంట్లకీ బాగుంటాయి, ఆరుగురు ఒకేసారి రాస్తున్న ఫైల్‌ని పట్టుకుని అది పైకి పంపుతూ కిందికి దించుతూ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తీయించేశా. యాంటీవైరస్‌లో డేటా ఫోల్డర్‌ని రియల్ టైమ్ స్కాన్ నుంచి మినహాయించా. ఒక సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఉంటే అందరిదీ ఒకటి చేశా. ఇవన్నీ ఒకేసారి కాకుండా వారానికి ఒకటి చొప్పున మార్చా, లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలియదని. అదే సరైనది అని ఇప్పటికీ అనుకుంటున్నా, ఆఫీసులో మాత్రం ఇంత నెమ్మదా అని అందరికీ విసుగే.

ఆ తర్వాత 16 రోజులు శుభ్రంగా నడిచింది, 17వ రోజు సాయంత్రం చెక్‌లో తప్పు వచ్చింది. లంచ్ కాపీ బాగుంది, సాయంత్రం కాపీ పాడైంది. అంటే మధ్యాహ్నం రెండుకీ ఆరుకీ మధ్య. మొదటిసారి నా చేతిలో ఒక పూట ఉంది! పాడైన వోచర్లు చూస్తే మూడు, మూడూ వేర్వేరు సిస్టమ్‌ల నుంచి వేసినవి. ఒక్క మనిషిదో ఒక్క సిస్టమ్‌దో తప్పయితే మూడు చోట్ల ఎలా వస్తుంది? ఆ కుర్రాడు ఆరోజు సెలవు. అది చూసి నాకు మనసులో ఎలాగో అయిపోయింది.

సర్వర్ లాగ్ ఎప్పుడూ చూస్తున్నా గానీ మిగతా ఐదు సిస్టమ్‌ల లాగ్‌లు చూడాలని అప్పటిదాకా తోచలేదు. ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్లి ఆ పూటవి తీశా. మొదటి దాంట్లో 3 గంటల 42 నిమిషాలకి నెట్‌వర్క్ లింక్ డిస్‌కనెక్ట్ అయిందని ఒక వార్నింగ్. రెండో దాంట్లో 3.42. మూడో దాంట్లో 3.42. ఐదింటిలోనూ అదే నిమిషం. సర్వర్‌లో వెనక్కి వెళ్లి చూస్తే అక్కడా ఉంది, నేను డిస్క్ ఎర్రర్ల కోసమే వెతుకుతూ దాన్ని దాటేసుకుంటూ పోయా. అన్ని కేబుళ్లూ ఒకేసారి ఊడవు కదా. అన్ని కేబుళ్లూ కలిసే చోటు ఒక్కటే, నెట్‌వర్క్ స్విచ్.

స్విచ్ ఎక్కడుందో నాకు సరిగ్గా తెలీదు కూడా. వెతికితే వరండాలో ఫైళ్ల అల్మరా పైన, దుమ్ములో ఉంది, మామూలు గోడ ప్లగ్‌కి పెట్టి ఉంది. యూపీఎస్ లేదు. సిస్టమ్‌లన్నిటికీ యూపీఎస్ ఉంది, సర్వర్‌కి ఉంది, అందర్నీ కలిపే ఆ చిన్న పెట్టెకి లేదు. కరెంటు ఒక్క సెకను పోయి వస్తే సిస్టమ్‌లు ఏవీ ఆగవు, లైట్లు ఒకసారి మినుకుమంటాయి, ఎవరూ తలెత్తి కూడా చూడరు, కానీ స్విచ్ ఆగి మళ్లీ లేచి లైన్లు కలిపేసరికి దాదాపు నిమిషం. ఆ క్షణంలో ఎవరు సేవ్ కొట్టి ఉంటే వాళ్ల ఎంట్రీ సగంలో తెగుతుంది. అదొక్కటే కాదు, వేగం కోసం మన సిస్టమ్ కొంత డేటాని వెంటనే సర్వర్‌కి పంపకుండా తన దగ్గరే ఉంచుకుని తర్వాత రాసే పద్ధతి ఒకటి ఉంది, ఆప్‌లాక్ అంటారు, లైన్ తెగితే అలా చేతిలో ఉన్నది కూడా పోవచ్చు. అలా లైన్ తెగినవాళ్లకి ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ కాసేపు బిగుసుకుని క్లోజ్ అయ్యేది, మళ్లీ తెరుచుకుని పని చేసుకునేవాళ్లు, హ్యాంగ్ అయింది అనుకునేవాళ్లు అంతే.

ఇదే కారణం అని నమ్మాలనిపించింది గానీ అప్పటికే సర్వర్ లాగ్ చూసి ఒకసారి తొందరపడ్డా కదా, అందుకని పరీక్ష పెట్టా. ఆదివారం ఆ కుర్రాణ్ణీ ఇంకొకతన్నీ రమ్మని, డేటాని కాపీ చేసి టెస్ట్ కంపెనీ పెట్టి, ఇద్దర్నీ గబగబా ఎంట్రీలు వేయమని చెప్పి నేను వరండాలో స్విచ్ ప్లగ్ పీకి పెట్టడం మొదలుపెట్టా. ప్రతిసారీ తర్వాత చెక్. ఒకటి, రెండు, మూడు, ఏమీ కాలేదు. ఆరోసారి వరకూ ఏమీ కాలేదు, నాకు నీరసం వచ్చేసింది. ఏడోసారి పీకి పెట్టాక చెక్ నడిపితే తప్పు వచ్చింది, తెరిచి చూస్తే మొదటి రోజు చూసిన అదే ఎర్రర్, మాటలు అక్షరం పొల్లు పోకుండా అవే, నా రిజిస్టర్ మొదటి పేజీలో రాసినవి. ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత ఆ కుర్రాడితో అన్నా, ఇన్నాళ్లూ నిన్ను అన్నాను, తప్పు నాది అని. పర్లేదులే అన్నా అన్నాడు గానీ వాడి కళ్లల్లో తెలుస్తోంది. సోమవారం అందరూ ఉన్నప్పుడు మళ్లీ చెప్పా, అందరి ముందు అన్న మాటని అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా.

ఏడుసార్లకి ఒకసారి అనేది కూడా గమనించాల్సిన సంగతే. కరెంటు పోయిన ప్రతిసారీ పాడై ఉంటే మొదటి వారంలోనే పట్టుకునేవాళ్లం. ఆ క్షణానికి ఎవరో ఒకరు రాస్తూ ఉండాలి, అదీ సగంలో ఉండాలి.

స్విచ్‌ని సర్వర్ యూపీఎస్‌కే కలిపాం, అది తినే కరెంటు చాలా తక్కువ. నాలుగు వారాలు సున్నా తప్పులు. అందరూ అయిపోయింది అనుకున్నారు, ఐదో వారం ఒక్క రికార్డు పాడైంది, ఒకే ఒక్కటి, అందరి లాగ్‌లలోనూ ఆ పూట ఏ డిస్‌కనెక్టూ లేదు. పాడైన వోచర్ సార్ సాయంత్రం కరెక్ట్ చేసినది. ఆ ఆరు సిస్టమ్‌లు కాక సార్ ల్యాప్‌టాప్ ఒకటి వైఫైలో ఉంటుంది, దాని లాగ్‌లో 5.51కి కెర్నల్ పవర్ 42, అంటే సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్తోంది అని. ఫోన్ వస్తే మూత దించేసి బయటికి వెళ్లిపోయారు, కంపెనీ తెరిచే ఉంది. సార్‌కి చెప్పడానికి మొహమాటపడ్డా గానీ లాగ్ ప్రింట్ తీసి చూపిస్తే ఆయన ఒక్క మాట అనలేదు. ఆ ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేరే తీసేశాం, ఇప్పుడు రిమోట్ డెస్క్‌టాప్‌లో కేబుల్ ఉన్న ఒక సిస్టమ్‌లోకి వచ్చి పనిచేస్తారు. వైఫై పోయినా మూత దించినా స్క్రీన్ ఒక్కటే పోతుంది, రాసే సిస్టమ్ ఇక్కడ లేచే ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయితే వదిలిన చోటే ఉంటుంది. దాంతోపాటే మిగతా సిస్టమ్‌లన్నిటిలో నెట్‌వర్క్ కార్డ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపవచ్చు అనే టిక్ తీసేశా, స్లీప్ కూడా తీసేశా.

అప్పటినుంచి ఇప్పటికి 7 నెలలు. రోజుకి రెండుసార్ల చెక్ మానేసి శనివారం సాయంత్రం ఒకసారి చేస్తున్నాం, ఆ కుర్రాడే చేస్తాడు, రిజిస్టర్ వాడి దగ్గరే ఉంది. రిపేర్ బటన్ జోలికి నన్ను అడక్కుండా ఎవరూ వెళ్లరు, ఒకవేళ వెళ్లాల్సి వస్తే ముందు పాడైన డేటాని ఉన్నదున్నట్టు వేరే చోట కాపీ పెట్టాకే, ఎందుకంటే రిపేర్ అయ్యాక ఏం పోయిందో చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

ఆ 11 వోచర్లలో 9 బ్యాంక్ స్టేట్‌మెంట్‌తోనూ పార్టీల కన్ఫర్మేషన్‌తోనూ పూర్తిగా నిలబడ్డాయి, వేశాం. మిగిలిన 2 క్యాష్‌వి, డే బుక్ ప్రింట్‌లో నంబరూ అమౌంటూ ఉన్నాయి గానీ వాటి వెనక సంతకం ఉన్న కాగితం దొరకలేదు. ఆడిటర్ గారికి జరిగింది మొత్తం రాసిచ్చి, పాత ప్రింట్లూ లాగ్‌లూ జతచేసి ఇచ్చా. ఆయన చదివి ఆ రెండింటినీ ప్రింట్ ఆధారంగా ఎంటర్ చేయమని, నరేషన్‌లో, అంటే ఎంట్రీ కింద రాసే వివరణలో, కారణం పూర్తిగా రాయమని చెప్పారు. అలాగే రాశా, మూడు లైన్లు పట్టింది.